కాలనీకి బడి కావాలి, సోమవారం అర్జీ

అన్నలకు, అక్కలకు నమస్కారం. సోమవారం కర్నూలు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మన కాలనీకి గవర్నమెంటు బడి కోసం అర్జీ ఇస్తున్నాం. పదింటికల్లా రండి.

కల్లూరు వైపు పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, ఇళ్లు లేచాయి. బడి మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోయింది. ఒకటో తరగతి పిల్లలు బ్యాగు మోసుకుని 44వ నంబరు హైవే దాటుతున్నారు. లారీ హారన్ కొట్టగానే అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని డివైడర్ మీద నిలబడిపోతారు. వాళ్లు ఇల్లు చేరేదాకా తల్లులకు టెన్షనే. కూలికి పోయేవాళ్లు ఆటోకు, ప్రైవేటు ఫీజుకు ఎక్కడినుంచి తెస్తారు?

మనం అడిగేది దయ కాదు. 2009 విద్యాహక్కు చట్టం 6వ సెక్షన్ ప్రకారం దగ్గర్లో బడి లేకపోతే పెట్టాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక సంస్థది. ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు నడక దూరంలో ఉండాలని మన రాష్ట్ర నిబంధనలే చెప్పాయి. ఖాళీ ప్రభుత్వ స్థలం ఉన్నప్పుడే అడగాలి, ఇంకో రెండేళ్లాగితే సెంటు కూడా మిగలదు.

పిల్లల లెక్క లేకుండా అర్జీకి బలం ఉండదు. మీ ఇంట్లో ఎంతమంది, ఏ తరగతి అన్నది ఆదివారం సాయంత్రంలోగా ఇక్కడ రాయండి. ఫోన్ లేని ఇళ్లకు పక్కింటివాళ్లే వెళ్లి అడగండి.