అరిగిన టైరులోని కార్బన్‌ను మళ్లీ రబ్బరులోకే పంపాలి

సంపాదకులకు నమస్కారం.

నకిరేకల్ దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఇరవై ఏళ్లుగా టైర్ల రీబటన్ షాపు నడుపుతున్నాను. హైదరాబాద్–విజయవాడ దారిలో తిరిగే లారీల టైర్లు మా దగ్గరికి వస్తాయి. కేసింగ్, అంటే టైరు లోపలి కట్టు, గట్టిగా ఉంటే కొత్త ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే పైపొర, వేసి పంపుతాం. పక్కలు తెగినవి, లోపలి ఇనుప తీగ బయటపడ్డవి ఇక పనికిరావు. అవి కుప్పపడితే వానాకాలంలో నీళ్లు నిలిచి డెంగీ దోమలు పుడతాయి. ఎండాకాలంలో తీగ కోసం ఎవరో రాత్రిపూట నిప్పు పెడతారు. కిందటేడు వానలకు మా గల్లీలో ముగ్గురు పిల్లలు జ్వరాలతో మంచం పట్టారు. షాపు వెనక కుప్పను చూస్తే నేనే తప్పు చేసినట్టు అనిపించింది.

ఈ టైర్లను తూకానికి కొని నూనె తీసే ప్లాంట్లకు అమ్ముకునేవాళ్లు ఉన్నారు. అక్కడ గాలి తగలకుండా వేడిచేస్తే వంద కిలోలకు సుమారు 40 కిలోల నూనె, 30 నుంచి 35 కిలోల నల్లపొడి, కొంత తీగ, కొంత గ్యాసు వస్తాయి. అందరి కన్నూ నూనె మీదే. నేను మాట్లాడేది ఆ నల్లపొడి గురించి.

రబ్బరుకు బలం ఊరికే రాదు. గంధకం కలిపి ఉడికించాలి, కార్బన్ బ్లాక్ అనే మెత్తని నల్లటి కార్బన్ పొడి దట్టించాలి. లారీ టైరు బరువులో ఇంచుమించు నాలుగో వంతు ఈ కార్బనే. దీన్ని బరువైన పెట్రోలియం నూనెను సగం కాల్చి తయారుచేస్తారు. అంత ఖర్చుతో చేసిన సరుకు పాత టైరులోంచి బయటికి వచ్చాక బస్తాల్లో పడి ఉండి గాలికి లేస్తే, పక్క చేలు, ఆరేసిన బట్టలు నల్లబడతాయి.

వచ్చిన పొడిని వచ్చినట్టే కలిపేస్తే మాత్రం కుదరదు. అందులో జింక్ ఆక్సైడ్, సిలికా లాంటి బూడిద 15–20 శాతం దాకా ఉంటుంది. రేణువులు గడ్డకట్టి ఉంటాయి. అలాంటి పొడి కలిపిన రబ్బరు త్వరగా చిరుగుతుంది. తీగ ముక్కలను అయస్కాంతంతో ఏరి, బాగా మెత్తగా మిల్లు పట్టి, గుళికలు చేస్తేనే ఫిల్లర్‌గా, అంటే రబ్బరులో దట్టించే పొడిగా, పనికొస్తుంది. అప్పుడు మ్యాట్లకు, లారీల మడ్‌ఫ్లాప్‌లకు, పైపులకు వాడే కొత్త కార్బన్‌లో కొంత భాగం ఆదా అవుతుంది. లారీ ట్రెడ్‌లో వేయమని నేను కూడా అడగను, అది రోడ్డు మీద ప్రాణాలతో పని. మా షాపులో పాత ట్రెడ్ గీకితే రాలే బఫింగ్ పొడిని కూడా ఇలాగే మళ్లీ వాడొచ్చు. తీగ, గుడ్డ లేని శుభ్రమైన రబ్బరు అది. మెత్తగా ఆడించి, రేణువుల పైపొర కొత్త రబ్బరుకు అతుక్కునేలా శుద్ధి చేస్తే కొత్త రబ్బరులో కొంతవరకు కలపొచ్చు.

2022 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పాత టైర్ల బాధ్యత తయారీదారులదీ, దిగుమతిదారులదీ. అందులో ఇలా శుద్ధి చేసి తీసిన కార్బన్ బ్లాక్‌ను మామూలు నల్లపొడితో కలపకుండా వేరే సరుకుగానే లెక్కించారు. అంటే దారి ఉంది. మన జిల్లాలోనే ఆ దారి కనబడడం లేదు.

కాలుష్య నియంత్రణ మండలి ప్లాంట్లకు అనుమతిచ్చేటప్పుడు నల్లపొడి ఎక్కడికి పోతుందో రాతపూర్వకంగా అడగాలి. నకిరేకల్, సూర్యాపేట, మిర్యాలగూడ మున్సిపాలిటీలు పాత టైర్లకు పైకప్పు ఉన్న జాగ చూపించాలి. నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం ఈ రెండు పొడుల్లో బూడిద ఎంత, గంధకం ఎంత అని పరీక్షించి చెబితే చిన్న రబ్బరు యూనిట్లకు ధైర్యం వస్తుంది. పరీక్షకు బఫింగ్ పొడి కావాలంటే మా షాపు నుంచి ఎన్ని బస్తాలైనా ఉచితంగా ఇస్తాను, మోసుకొచ్చి దింపుతాను కూడా.

– ఒక టైర్ల రీబటన్ షాపు యజమాని,
నకిరేకల్, నల్లగొండ జిల్లా