కాలి కింది బొమ్మలు

మజ్వెల్ హిల్,
లండన్

బాబాయికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. మిగతా కబుర్లు ఫోనులో ఎలాగూ ఉంటాయి. ఇన్నేళ్లు బడిలో పిల్లల చేత బొమ్మలు వేయించిన మీకు ఈ ఒక్క సంగతి మాత్రం తీరిగ్గా రాయాలనిపించింది.

ఈ పేటకు మారాక సాయంత్రాలు ఊరికే వీధుల్లో తిరుగుతున్నాను. ఇక్కడ జనం ఉమ్మేసిన చూయింగ్ గమ్ ఫుట్‌పాత్‌కు అతుక్కుని, తొక్కగా తొక్కగా మచ్చలా మిగిలిపోతుంది. అలాంటి మచ్చ ఒకటి రంగుల్లో మెరిసింది. వంగి చూస్తే, రూపాయి బిళ్లంత చోటులో ఎర్రకప్పు ఇల్లు, పైన చందమామ, అంచు చుట్టూ ఎవరివో పేర్లు! నాలుగడుగులు వేస్తే ఇంకొకటి, బస్‌స్టాప్ దగ్గర మరొకటి. ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది.

వీటిని వేసేది బెన్ విల్సన్ అనే చిత్రకారుడు. మొదట్లో చెక్కతో శిల్పాలు చేసేవారట. 2004 నుంచి పూర్తిగా ఈ పనిలోనే ఉన్నారు. గమ్‌ను చిన్న మంటతో మెత్తబరిచి, పూత వేసి, సన్నని కుంచెతో అక్రిలిక్ రంగులు దిద్ది, చివర వార్నిష్ పూస్తారు. నేలమీద పడుకుని గంటల తరబడి చేయాల్సిన పని అది. దారిన పోయేవాళ్లు అడిగితే వాళ్ల పేర్లతోనూ వేసిపెడతారు. పోలీసులు పట్టుకున్న సందర్భమూ ఉంది. కానీ ఆయన రంగు వేసేది ఫుట్‌పాత్ మీద కాదు, ఎవరో పారేసిన చెత్త మీద. దాన్ని ఆస్తి నష్టమని ఎలా అంటారు? నాకు ఆ వాదన ఎంతో నచ్చింది.

థేమ్స్ నది మీది మిలీనియం వంతెనపైనా ఆయన బొమ్మలున్నాయి. వంతెనకు ఒక కొస సెయింట్ పాల్స్ చర్చి, రెండో కొస టేట్ మోడర్న్ చిత్రశాల. చిత్రాలు చూడాలని హడావిడిగా వెళ్లేవాళ్లు దారిలో ఎన్ని చిత్రాలను తొక్కుకుంటూ పోతున్నారో! చిత్రశాల గొప్పదే, కాదనను. కానీ పసిపిల్లల కళ్లకే ముందు అందే ఈ బొమ్మల మీదే నాకు మమకారం ఎక్కువ.

ఆయన కనబడితే మన ఇంటి పేరుతో ఒకటి అడగాలని ఉంది. అందులో ఏం వేయమనమంటారు? పెరట్లో మామిడిచెట్టా, తాతయ్య సైకిలా? బొటనవేలి గోరంత చోటులో సరిపోయేలా మీరే గీసి పంపండి. తెలుగు అక్షరాలు కూడా పెద్దగా రాయండి, ఆయన చూసి దిద్దుకోవాలి కదా.

మీ
సుజాత