వార్షిక నివేదిక: అమెరికన్ నవలతో గడిపిన ఏడాది

మన తెలుగు పుస్తక చర్చా బృందం సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి సర్వసభ్య సమావేశంలో "మనం ఉంటున్న దేశపు సాహిత్యం ఎప్పుడు చదువుతాం?" అని వెనుక వరుసలోంచి ఒక ప్రశ్న వచ్చింది. అడిగినవారు ఆ తర్వాత ఒక్క సమావేశానికీ రాలేదు. అయినా ఆ మాట పట్టుకుని కార్యవర్గం ఏడాదంతా ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ నవలలకే కేటాయించింది. చదవడం ఇంగ్లిషులో, మాట్లాడుకోవడం తెలుగులో అన్న మన పద్ధతి మీకు తెలిసిందే.

ఫిట్జ్‌జెరాల్డ్ ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ (1925)తో మొదలుపెట్టాం. పలుచటి పుస్తకం కాబట్టి అందరూ చదివి వచ్చారు. 1940లో రచయిత పోయేనాటికి ఆ నవలను అడిగేవారు లేరు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు ఉచితంగా పంచిన లక్షన్నర ప్రతులతో మళ్లీ ప్రాణం పోసుకుంది. 2021లో కాపీహక్కు కూడా ముగిసింది కాబట్టి నిశ్చింతగా ప్రతులు తీసి పంచాం. ఆ పుస్తకంలో కోశాధికారి గారికి బాగా నచ్చిన సంగతి అదే.

మరుసటి నెల ఫాక్‌నర్. ‘ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ’ (1929) ప్రకటించగానే హాజరు సగానికి పడిపోయింది. నిజమే, మొదటి భాగం చెప్పే బెంజీకి ముప్ఫై మూడేళ్లు, బుద్ధి పసివాడిది. నిన్నకూ ముప్ఫై ఏళ్ల కిందటికీ అతనికి తేడా తెలియదు. క్వెంటిన్ అనే పేరు మేనమామకూ ఉంది, మేనకోడలికీ ఉంది. వేర్వేరు కాలాలను వేర్వేరు రంగుల్లో అచ్చువేయాలని ఫాక్‌నర్‌కు కోరిక ఉండేదని తెలిసి, మన సభ్యురాలు ఒకరు తన పిల్లల స్కెచ్ పెన్నులతో మొదటి ఇరవై పుటలకు రంగులు వేసుకొచ్చారు. గోల్ఫ్ ఆడేవారు తమ కర్రల సంచి మోసేవాణ్ణి "క్యాడీ" అని కేకవేస్తే బెంజీ ఎందుకు ఏడుస్తాడో (అతని అక్క పేరూ క్యాడీయే) ఆ రంగుల వల్లే మాకు తెలిసింది. రానివారు పోగొట్టుకున్నది ఇదీ.

జోరా నీల్ హర్‌స్టన్ ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ (1937) రోజున మాండలికం మీద పెద్ద వాదన జరిగింది. ఫ్లోరిడా నల్లవారి పలుకుబడిని ఆమె యథాతథంగా రాశారు. దాన్ని తెలుగు చేస్తే ఏ జిల్లా యాసలోకి తేవాలి? శ్రీకాకుళం వారికీ, నల్గొండ వారికీ మధ్య గంటసేపు తేలలేదు. హర్‌స్టన్ 1960లో పేదరికంలో పోయారు. సమాధికి గుర్తు కూడా లేకపోతే 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి రాయి పెట్టించారు.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ (1976)కు మాత్రం కుర్చీలు చాలలేదు. కారణం మీరు ఊహించగలరు: సహవాసి గారు దీన్ని తెలుగు చేసిన ‘ఏడు తరాలు’. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవారు కథానాయకుడు కుంటా కింటే పేరు వినగానే కదిలారు. ఒక పెద్దాయన తన పాత ప్రతిని ఊరగాయ సీసాల మధ్య సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చారు. అట్ట మీద నూనె మరక కూడా ఉంది. అది నవలా, చరిత్రా అన్న తగవూ వచ్చింది. హేలీ వేరొకరి నవలలోంచి కొన్ని భాగాలు తీసుకున్నారన్న కేసు 1978లో రాజీతో ముగిసిన సంగతి చెబితే ఆ పెద్దాయన నొచ్చుకున్నారు. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో.

ఇక ఈ ఏడాది మన గర్వకారణం సాలినాస్ యాత్ర. వలస కూలీల కథ చెప్పే స్టైన్‌బెక్ నవల ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1939)ను రెండు నెలలు చదివాక, కాలిఫోర్నియాలో ఆయన పుట్టిన ఊరు మనకు ఇంత దగ్గర కదా అని బస్సు మాట్లాడాం. శాన్ హోసే నుంచి 101 రహదారి మీద దక్షిణంగా అరవై మైళ్లు. గిల్‌రాయ్ దగ్గర వెల్లుల్లి వాసన బస్సులోకి రాగానే ఎవరో పులిహోర డబ్బా మూత తీశారు. సాలినాస్ చేరేసరికి అది ఖాళీ. ఊరి చుట్టూ లెట్యూస్ చేలు. వంగి కోస్తున్న కూలీలను చూసి బస్సు కాసేపు నిశ్శబ్దమైంది.

నేషనల్ స్టైన్‌బెక్ సెంటర్‌లో అందరూ ఫొటో తీసుకున్నది రోసినాంతే దగ్గర. 1960లో చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని ఆయన అమెరికా చుట్టివచ్చిన బండి అది. డాన్ క్విక్సోట్ అనే పాత స్పానిష్ నవలానాయకుడి గుర్రం పేరు దానికి పెట్టారు. నన్ను ఆపింది మాత్రం ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ అంకితం పుట. "దీన్ని సంకల్పించిన కారల్‌కు, దీన్ని జీవించిన టామ్‌కు" అని ఉంటుంది. కారల్ ఆయన మొదటి భార్య. 1938లో అయిదు నెలల్లో ఆయన చేత్తో రాసిన ప్రతిని టైపు చేసింది ఆమె. నవల పేరు సూచించిందీ ఆమే. టామ్ కాలిన్స్ వలస కూలీల శిబిరం నిర్వాహకుడు. ఆయన రాసిన నివేదికలు నవలకు ముడిసరుకు. అవును, నివేదికలు. కార్యదర్శులు రాసే కాగితాలను ఎవరు చదువుతారని నవ్వేవారు ఇది గమనించగలరు.

మధ్యాహ్న భోజనం స్టైన్‌బెక్ పుట్టిన ఇంట్లోనే. 1974 నుంచి ఆ ఇంటిని భోజనశాలగా నడుపుతున్నది స్వచ్ఛంద సేవకులు. వడ్డించినవారిలో చాలామంది మన అమ్మమ్మల వయసువారు. ఇక్కడ నేను మన సంగతి ఎత్తక తప్పదు. యాత్రకు సాయం చేస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపినవారు పద్నాలుగు మంది. ఉదయం ఆరు గంటలకు బస్సు దగ్గర నీళ్ల సీసాలు ఎక్కించడానికి వచ్చినవారు ముగ్గురు. అందులో ఒకరు నేను.

చివరి సమావేశం టోనీ మోరిసన్ ‘బిలవెడ్’ (1987) మీద. 1856లో కెంటకీ నుంచి పారిపోయి సిన్‌సినాటిలో పట్టుబడినప్పుడు, మళ్లీ బానిసత్వంలోకి పోకూడదని కన్నబిడ్డనే చంపుకున్న మార్గరెట్ గార్నర్ కథ దీనికి మూలం. చర్చ ఊపందుకున్నప్పుడే సమయం అయిపోయిందంటూ, మనం కలిసే గది ఇచ్చే గ్రంథాలయం వారు దీపాలు ఆర్పారు. అంతకుముందు రెండుసార్లు ఒక్కరోజు ముందు గది రద్దు చేశారు. నేను రాసిన మూడు ఉత్తరాలకు జవాబు లేదు. 1939లో కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ పాలకులు స్టైన్‌బెక్ నవలను నిషేధించినప్పుడు అక్కడి గ్రంథాలయాధికారిణి వారికే ఎదురు ఉత్తరం రాశారని చదివాం. నేను ధైర్యం అడగడం లేదు, తాళం చెవి అడుగుతున్నాను.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచారు. బస్సు అద్దె అంచనా దాటింది. తేడాను ఇద్దరు సభ్యులు భరించారు. ప్రశ్నలుంటే ఆయనను అడగండి.

కృతజ్ఞతలు: అధ్యక్షురాలు గారికి, టీ కాచిన దంపతులకు, పోస్టర్లు గీసిన హైస్కూలు పిల్లలకు, రంగుల ప్రతి ఇచ్చిన సభ్యురాలికి, సాలినాస్ అమ్మమ్మలకు. అందరి పేర్లూ సభలో చదువుతాను. అచ్చులో ఒక పేరు జారిపోతే ఏమవుతుందో నిరుడు చూశాం.

వచ్చే ఏడాదికి ఎలిసన్ ‘ఇన్విజిబుల్ మ్యాన్’ ప్రతిపాదనలో ఉంది. దానికి ముందు, ‘బిలవెడ్’ ప్రతులు రెండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గర ఉన్నాయో నాకు తెలుసు. సభకు వచ్చేటప్పుడు తీసుకురండి.

కార్యదర్శి