అవ్వ బువ్వ ఎందుకు పెట్టలేదో పిల్లలకు చెప్పనివ్వండి

గౌరవనీయులైన తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. లైబ్రరీలో ఆదివారం తెలుగు కథల గంట ఆపేసినప్పటి నుంచి నాలుగు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. లైబ్రరీ వాళ్లు మాత్రం నోటిమాటగా, "పిల్లలకు ఏడుపు కథలు ఎందుకమ్మా?" అన్నారు.

ఏడుపు కథ కాదండీ, అది మన ఏడు చేపల కథే. చేప ఎందుకు ఎండలేదని అడుగుతూ పోతే గడ్డిమోపు, ఆవు, పశువుల కాపరి, చివరికి బువ్వ పెట్టని అవ్వ దగ్గరికి వస్తాం. అక్కడి నుంచి చీమ దాకా వెళ్లకుండా నేను అవ్వ దగ్గరే ఆగాను. నా కథలో అవ్వ ధాత కరువు నాటి మనిషి. "కుండలో గింజ లేదు నాయనా" అంటుంది. కుండా కుండా, గింజ ఎందుకు లేదు? అంగట్లో ధర కొండెక్కింది. దొరా దొరా, ధర ఎందుకు దించలేదు? "వ్యాపారంలో నేను వేలు పెట్టను."

దొర మాట నా కల్పనే అయినా సంగతి నిజం. 1876–78 నాటి ఆ ధాత కరువులో బ్రిటిష్ వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం ధాన్యం వ్యాపారం జోలికి పోకూడదనే పట్టుబట్టింది. కరువు పని చేసే మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలని ఆ ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. ఆ కరువులోనే మన చెన్నైలో అడయారు, కూవం నదులను కలుపుతూ బకింగ్‌హామ్ కాలువ తవ్వించారు. మైలాపూరులో రైలు దిగేటప్పుడు మా పిల్లలు ముక్కు మూసుకునేది ఆ కాలువ దగ్గరే. తవ్విన వాళ్ల గురించి అక్కడ ఒక్క పలక కూడా నాకు కనబడలేదు.

మా తాతమ్మ కరువు గురించి ఎప్పుడూ నోరు విప్పలేదట. కింద పడిన మెతుకును మాత్రం కళ్లకద్దుకుని తినేదట. తేదీలు చెబితే ఆవులించిన పిల్లలు, అవ్వ కథ చెబితే కదల్లేదు. ఒక పాప, "దొరని ఏ చీమా కుట్టలేదా టీచర్?" అని అడిగింది.

తిండి లేక అమ్మానాన్నలు పిల్లల్ని అడవిలో వదిలేసే గ్రిమ్ సోదరుల కథ 1812 నుంచీ అచ్చులో ఉంది. అదే లైబ్రరీ అలమరలో ఇంగ్లీషులో ఉంది. దాన్ని ఎవరూ తీసేయమనలేదు, తీసేయకూడదు కూడా. మరి మా అవ్వ చేసిన తప్పేంటండీ?

దయచేసి ఆదివారం ఒక్క గంట ఆ హాలు మళ్లీ ఇప్పించండి. ఆ పాపకు నేనింకా జవాబు చెప్పలేదు.

ఇట్లు,
వ్యాసర్‌పాడి నుంచి ఒక తెలుగు టీచరు