శనివారం పితికిపప్పు గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మార్కుల సంగతి ఈ నెల రాయడం లేదు. ప్రోగ్రెస్ కార్డులు మీకు అందాయి, అది చాలు. శనివారం చివరి రెండు పీరియడ్లలో పిల్లలకు వంట నేర్పిస్తున్నాం, దాని గురించి మాత్రం రాయాలి. పోయిన వారం ఒక తండ్రి ఆఫీసుకొచ్చి, "సార్, మావాణ్ణి చదువుకోమని పంపిస్తే మీరు అనపకాయలు ఒలిపిస్తున్నారంట" అన్నారు. ఫీజు కట్టే మనిషి అడిగారు, జవాబు చెప్పాలి.

ఒలిపిస్తున్న మాట నిజమే. చంద్రగిరి వైపు పల్లె నుంచి ఒక రైతు తెచ్చిన అనపకాయలను (ఇవి చిక్కుడు జాతివి, సొరకాయలు కావు) ఏడో తరగతి పిల్లలు శుక్రవారం ఒలిచి, గింజలు నానబెట్టి, మరునాడు తొక్క ఊడేలా పితికారు. అలా వచ్చిన పప్పే పితికిపప్పు. నేర్పింది బస్టాండు దగ్గర మెస్ నడిపే ఆవిడ. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడాలి. మొదటి పది నిమిషాలూ గిన్నెలో తప్ప అన్నిచోట్లా పడింది. ఒకటి వచ్చి నా కళ్ళద్దాలకు తగిలింది. ఆవిడ నవ్వకుండా, "ఈ గింజలు సరిగ్గా నానలేదు సార్, అందుకే ఎగురుతాండాయి" అన్నారు. సైన్సు టీచరు అక్కడికక్కడే గింజ నీళ్ళు ఎలా పీల్చుకుంటుందో చెప్పారు. అది పుస్తకంలో ఉన్న పాఠమే.

తినడం అయ్యాక ఒకమ్మాయి అడిగింది: "హోటల్లో వండేవాళ్ళను మాస్టర్ అంటారు గదా సార్, ఈమెను ఏమనాల?" నాకు వెంటనే తోచలేదు. మన ఊళ్ళో దోసె మాస్టరు, టీ మాస్టరు, పరోటా మాస్టరు ఎక్కడ చూసినా మగవాళ్ళే. ఇంట్లో మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఆ పేరు లేదు. తిరుమల కొండమీద స్వామివారి పోటును, అంటే వంటశాలను, వకుళమాత కనిపెట్టుకుని ఉంటుందని నమ్ముతాం. అక్కడ అన్నప్రసాద భవనానికి పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టిన వెంగమాంబ పేరు పెట్టుకున్నాం. కొండ దిగాక ఆ మర్యాద ఏమైపోతుందో!

ఇది మన ఒక్కరి తంటా కాదు. అమెరికాలో వంట వృత్తిలో ఉన్న ఆడవాళ్ళు 1976లో న్యూయార్క్‌లో 'లే డామ్ డెస్కోఫియే' అనే సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో ఇలాంటి పెద్ద సంఘాలు మగవాళ్ళవే. చదువుకునే ఆడపిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వడంతో పాటు, 'గ్రీన్ టేబుల్స్' పేరుతో పొలాన్నీ బడితోటనూ వంటింటినీ కలిపే పనులకు ఆ సంఘం అండగా నిలుస్తోంది. మాకు అంత సంఘం లేదు, నలుగురు ఉన్నారు. మెస్ ఆవిడ, పొద్దున టిఫిన్ బండి పెట్టే ఆవిడ, డ్వాక్రా గ్రూపులో కారప్పొడులు చేసే ఆవిడ, మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ చదివి క్యాంటీన్ నడిపే ఆవిడ. ఊరికే నేర్పుతామన్నారు. నేను ఒప్పుకోలేదు. గెస్టు టీచర్ల రిజిస్టరులో సంతకం పెడతారు, పీరియడుకింత అని తీసుకుంటారు. పిల్లలు వాళ్ళను 'టీచర్' అనే పిలుస్తున్నారు.

వచ్చే రెండు వారాలు రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి). మన పక్కనే పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఒక రాగి వంగడం పేరు 'వకుళ'. పేరు పెట్టినవాళ్ళకు దండం. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 360 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. ఈ లెక్క పిల్లలు బోర్డు మీద వేశారు. అయితే లెక్క వచ్చినంత సులువుగా సంగటి రాలేదు. ముందుగా ఒకసారి చేసి చూద్దామని తొమ్మిదో తరగతి మగపిల్లలు గెలికిన మొదటి కుండ నిండా ఉండలే. అదే తిన్నారు, నేనూ తిన్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత టమోటా ఒరుగులు చేద్దామనుకుంటున్నాం. ధర పడిపోయినప్పుడు మదనపల్లె వైపు రైతులు టమోటాలు రోడ్డు మీద పారబోయడం మీరూ చూసే ఉంటారు. ఎండబెట్టి దాచుకునే పద్ధతి మన అవ్వలకు తెలుసు, మనకే పోయింది. పిల్లలు రైతుబజారుకు వెళ్ళి కొంటారు. బేరం ఆడొద్దని ముందే చెప్పాను.

మీ నుంచి రెండు కావాలి. మీ బిడ్డకు చెనిక్కాయలు పడకపోతే, దురద, దద్దుర్లు, ఆయాసం లాంటివి ఎప్పుడైనా వచ్చి ఉంటే, శుక్రవారం లోపల డైరీలో తప్పకుండా రాసి పంపండి. అటక మీద పాత సంగటి కట్టె ఏదైనా ఉంటే ఇవ్వండి. మా దగ్గర ఉన్న రెండింటిలో ఒకటి విరిగింది.

ఇంతకూ ఆఫీసుకొచ్చిన ఆ తండ్రి నా జవాబంతా విని, లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మ పితికిపప్పులో గసగసాలు ఎక్కువేస్తుంది సార్, మీవాళ్ళు వేశారా?" అని అడిగారు. వేయలేదు. ఆమెను ఒక శనివారం బడికి తీసుకురమ్మన్నాను. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు.

మీ
ప్రధానోపాధ్యాయుడు