ప్రొద్దుటూరు నుండి రాఘవకు

చిరంజీవి రాఘవకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమసమాచారం తెలిసి చాలా రోజులయింది.

శైలు డిగ్రీ పరీక్షలకు చదువుకుంటూ నిన్న సాయంత్రం వచ్చి, అప్లై, ఇంప్లై, రిప్లై అనే క్రియలు ఒకే ఇంటివా అని అడిగింది. బడి వదిలి ఇన్నేళ్లయినా ఇటువంటి ప్రశ్న వింటే నాకు పొయ్యి మీద పాలు కూడా గుర్తుండవని నీకు తెలుసు. ఇవన్నీ ‘మడవడం’ అనే అర్థమున్న ప్లికారే అనే లాటిన్ క్రియకు పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరినవి. అర్థాన్ని మాట లోపల మడిచి పెడితే ఇంప్లై. ఒకదానిని మరొకదానికి ఆనించి పెట్టడం అప్లై. గాయానికి మందు పూసినా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా ఇంగ్లీషులో అదే మాట. నీ నోట రోజూ వినే డిప్లాయ్, మనమందరం అనే డిస్‌ప్లే రెండూ ‘మడత విప్పడం’ అనే ఒకే క్రియ సంతానం. డిస్‌ప్లే ఎంతో ముందే వచ్చింది, డిప్లాయ్ మాత్రం సైన్యాన్ని బారులు తీర్చి నిలపడమనే అర్థంతో 18వ శతాబ్ది చివర వచ్చింది. సప్లై, కంప్లై చూడటానికి వీటి తోబుట్టువుల్లా ఉన్నా, అవి ‘నింపడం’ అనే వేరే క్రియకు పుట్టినవి కనుక ఈ బంతిలో కూర్చోబెట్టవద్దని శైలుకు గట్టిగా చెప్పాను.

ఎంప్లాయ్ కూడా ఇంప్లై పుట్టిన మాట నుండే పుట్టింది. మైదుకూరు పెళ్లిలో శివయ్య చిన్నాయన కోడలు, నువ్వు ఆ కంపెనీకి రిజైన్ చేశావట కదా అని నన్ను అడిగింది. నాకేమీ తెలియదని చెప్పి ఊరకున్నాను. రిజైన్‌ది మరో కుటుంబం. గుర్తు, ముద్ర అనే అర్థమున్న సిగ్నుమ్ దాని మూలం. అసైన్, డిజైన్ అక్కడివే. వేసిన ముద్రను విప్పి రద్దు చేయడం లాటిన్‌లో దాని మొదటి అర్థం.

మీ అబ్బ దూది మిల్లులో గుమాస్తాగా ఉన్నప్పుడు, లెక్కల విషయంలో యజమానితో మాట పట్టింపు వచ్చి పని మానుకున్నాడు. ఆ సంగతి మీ జేజికి చెప్పలేక, రోజూ ఉతికిన చొక్కా తొడుక్కొని, సద్దిమూట తీసుకొని బయలుదేరేవాడు. పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరం గుడి దగ్గర కూర్చొని, పొద్దు వాలినాక ఇంటికి వచ్చేవాడు. జేజికి మొదటి రోజే తెలిసిపోయింది. మిల్లు నుండి వచ్చిన మనిషి చొక్కా చేతుల మీద, చెవుల వెనుక, కనుబొమల మీద కూడా దూది నూగు ఉండాలి. ఆనాడు ఆయన విప్పిన చొక్కాను ఆమె దులిపితే ఒక్క పింజ కూడా రాలలేదట. అయినా ఏమీ అడగక, మరునాడు కూడా రొట్టె, చెనక్కాయల ఊరిబిండి కట్టి ఇచ్చింది. చివరకు ఒక రాత్రి ఆయనే చెప్పుకున్నాడు. మీ నాయన చదువుకు తన కమ్మలు కుదువ పెట్టి వారం దాటిందని జేజి అప్పుడు చెప్పింది. మరొక మిల్లులో పని దొరికేంతవరకు ఇల్లు ఆ డబ్బుతోనే నడిచింది.

నాకు జేజికి ఉన్నంత ఓర్పు లేదు, అడిగేస్తున్నాను. మానేసి ఉంటే రిలీవింగ్ లెటర్ తప్పక తీసుకో. ఆ రిలీవ్‌కు బరువు తేలిక చేయడమని అర్థం, కానీ ఆ కాగితం లేకపోతే రేపు మరొక చోట చేరేటప్పుడు బరువు నీదే. పి.ఎఫ్. డబ్బు తొందరపడి తీయవద్దు. ఇంటద్దెకు అప్పు చేయవద్దు, మీ నాయనకు పింఛను వస్తున్నది. రాత్రుళ్లు మేలుకొని కాఫీలు తాగవద్దు. నీ కడుపుమంట సంగతి నాకు తెలుసు.

రిప్లై అంటే మడతను తిరగవేయడమని శైలుకు చెబుతున్నప్పుడు నువ్వే మనసులో మెదిలావు. ఫోను చేయడానికి మాట రాకపోతే రెండు వాక్యాలు వ్రాయి, మీ నాయనకు నేనే చదివి వినిపిస్తాను.

ఆదివారం చిన్నాయన బెంగళూరుకు వస్తున్నాడు. ఓలిగలు, చెనక్కాయల పొడి, కొత్త దుప్పటి పంపుతున్నాను. ఓలిగలు రెండు రోజుల్లో తినేయి, మిగిలితే పక్కగది పిల్లలకు పెట్టు. స్టీలు డబ్బా మీ జేజిది, చిన్నాయనతోనే తిరిగి పంపు.

ఆశీస్సులతో,
అమ్మ