నువ్వు బంకులో పడినావు, నేను ఉలవల్లో పడినా

ఒరేయ్ మామా,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చూసి పడీ పడీ నవ్వినా, తిట్టుకోవద్దు. బండి కొని పదకొండు రోజులు కూడా కాలే, పెట్రోల్ బంకులో అంతమంది ముందర దాన్ని పక్కకు పడుకోబెట్టినావంట, పెట్రోల్ కొట్టే పిల్లోడొచ్చి లేపినాడంట, ఆ సిగ్గుకు రెండ్రోజుల నుంచి ఆఫీసుకు క్యాబ్‌లో పోతాండావంట. ఇంగ బండి అమ్మేస్తా అంటాండావు. గమ్మునుండు. ఫోన్లో చెప్దామంటే నువ్వు మధ్యలో దూరి నీ కథ మొదలుపెడతావు, అందుకే ఉత్తరం రాస్తాండా. నేను పడిన పాట్లన్నీ చెప్తా, చదివినాక అమ్ముకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం.

నీ బంకు సంగతే ముందు. నువ్వు రాసిందాన్ని బట్టి చూస్తే తప్పు బండిది కాదు, నీ కుడిచేతి వేళ్లది. హ్యాండిల్ ఒక పక్కకు పూర్తిగా తిప్పుకోని మెల్లగా వస్తాండావు, ఎవుడో అడ్డమొచ్చినాడు, ముందు బ్రేక్ లటుక్కున పట్టినావు. నేరుగా పోతాండేటప్పుడు పడితే ఫోర్కు కిందికి దిగి బండి నిలబడుతుంది, హ్యాండిల్ తిరిగుండేటప్పుడు పట్టినావంటే ఆ బరువంతా తిరిగిన పక్కకే ఒరుగుతుంది. నీ క్లాసిక్ 350 బరువు 195 కేజీలు రా. మీ నాయన స్ప్లెండర్ 112. ఇన్నేండ్లూ స్ప్లెండర్‌ను కాలితో ఆపుకున్న అలవాటు నీది, అది ఒరిగినా కాలు పెట్టి నిలబెట్టుకుంటావు, ఇది ఒక హద్దు దాటి ఒరిగిందంటే ఇంగ దాని ఇష్టమే. బ్రేక్ వేసే ముందు హ్యాండిల్ నేరుగా చేసుకో, అంత మెల్లగా పోయే కాడ వెనక బ్రేక్ తొక్కు. ఇది నాకు చెప్పింది కడపలో ఏడు రోడ్ల కాడ మెకానిక్, నా క్లచ్ లివర్ మూడోసారి మారుస్తా చెప్పినాడు. నాలుగోసారి వస్తే డజను కొను, హోల్‌సేల్ రేటుకిస్తా అన్నాడు కూడా.

మూడు లివర్లలో ఒకటి గువ్వలచెరువు ఘాట్‌లో పోయింది. నేనూ మీ చెల్లెలూ రాయచోటిలో పెండ్లికి పోయి వస్తాంటిమి. గువ్వలచెరువులో ఆగి కేజీ పాలకోవా కట్టించుకున్నాం, ఆ ఊరి మీద పోతా కోవా కొనకుండా వస్తే ఇంట్లో అడుగు పెట్టనీరు కదా. ఘాట్ దిగుతా ఒక మలుపు కాడికొచ్చేసరికి ఎదురుగా లోడు లారీ, రోడ్డంతా తనదే అన్నట్టు ముక్కుతా మూల్గుతా ఎక్కుతాంది. సరే పోనీలే అని అంచుకు ఆపి ఎడమకాలు కింద పెట్టినా. కింద ఏమీ లేదు! తారు అయిపోయి కంకర మొదలయ్యే కాడ జానెడు దిగుడుంది, చూసుకోలే. కాలికి నేల తగిలేలోపే బండి ఒరగడం మొదలైంది, మెల్లగా, చానా మెల్లగా, నేను పండ్లు బిగించి పట్టుకోని ఉండా, నిలుస్తుంది నిలుస్తుంది అనుకుంటానే ఉండా, అది పడుకునింది. మీ చెల్లెలైతే పడలే. ఎప్పుడు దిగిందో దిగేసి, పక్కన నిలబడుకోని, కోవా ప్యాకెట్ తల మీదికెత్తి పట్టుకోనుంది. మొగుడు కంకరలో, కోవా భద్రం.

లారీ ఆగింది. క్లీనర్ దిగినాడు, ఇరవై ఏండ్లు కూడా ఉండవేమో. నేను హ్యాండిల్ పట్టుకోని పైకి లాగుతాంటే కొంచేపు చూసి, "అన్నా, చేతుల్తో లాగితే నడుం పోతాది, దానికి వీపు చూపించు" అన్నాడు. నిజంగానే వీపు చూపించాల రా. ముందు తాళం ఆపు. గేర్‌లో ఉందో లేదో చూడు, న్యూట్రల్‌లో ఉంటే లేపేటప్పుడు దొర్లిపోతుంది. కుడిపక్కకు పడుంటే సైడ్ స్టాండు ముందే దించి పెట్టుకో, లేకుంటే లేపిన ఊపుకు అవతలి పక్కకు పడుతుంది, అప్పుడు చూడాల నీ మొఖం. ఇంగ సీటుకు వీపు ఆనించి కూచో, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి వెనక కడ్డీ మీద, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడువు. బరువంతా తొడల మీద పడుతుంది, నడుం జోలికి రాదు. ఆ పిల్లోడు బక్కగా ఉన్నా ఒక్కడే లేపేసినాడు.

బుగ్గవంక వాగు పొంగినప్పటిది కూడా ఒకటుందిలే, 2020 నవంబర్, నివర్ తుపాను. నీళ్లు తీసినాక వీధంతా బురద. సైడ్ స్టాండేసి లోపలికి పోయి కాఫీ తాగి వచ్చేలోపు స్టాండు బురదలో దిగి, నా బండి పక్కింటాయన స్కూటర్ మీద, స్కూటర్ పూలకుండీల మీద. నేను లేకుండా పడింది కాబట్టి దాన్ని నా లెక్కలో వెయ్యను.

అసలుది ఉలవలది. దీని గురించి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలే.

సంక్రాంతి అయిన వారానికి, శనివారం, వేంపల్లె మీదుగా గండి ఆంజనేయస్వామి కాడికి పోతాంటి, ఒక్కణ్ణే. ఆ కాలంలో మన పక్క రోడ్లు నీకు తెలుసు కదా, ఉలవ కట్టె పీకి తెచ్చి తారు మీద పరుస్తారు, పోయే బండ్లన్నీ తొక్కి తొక్కి కాయ పగిలి గింజ రాలుతుంది, కూలి మిగులుతుంది. చిన్నప్పుడు మనమే దాని మీద సైకిళ్లు తొక్కినాం. అరవైలో పోతాంటి, మలుపు తిరిగినా, ముందర రోడ్డు అడ్డంగా పరిచుండారు. నేరుగా, బ్రేక్ ముట్టకుండా, అట్లే పోనిచ్చింటే ఏమీ కాకపోవునేమో. పట్టినా. పైన ఎండుకట్టె, అడుగున గింజలు, సైకిల్ బేరింగ్‌లో బాల్స్ ఉంటాయే అట్ల. ముందు చక్రం లాకై పక్కకు జారింది. నా బండి 2016ది, బ్రేక్ గట్టిగా పట్టినా చక్రం లాకవకుండా చూసే ఏబీఎస్ లేదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ ఉండాల్సిందే అని పెట్టింది 2019 ఏప్రిల్ నుంచి. ఉన్నా ఆ గింజల మీద ఎంత పనికొచ్చేదో గానీ, నేను మాత్రం ఏబీఎస్ లేకే పడినానని అందరికీ చెప్పుకుంటా, పరువుండాల కదా.

పడేటప్పుడు నొప్పి తెలీదు రా, చప్పుడే తెలుస్తుంది. హెల్మెట్ తారుకు రాసుకుంటా పోతాండే ఆ గరగర చెవి లోపల వినపడుతుంది. తర్వాత అంతా నిశ్శబ్దం, ముక్కులో ఉలవ దుమ్ము, చొక్కా లోపల గింజలు. కండ్లు తెరిస్తే ఒక అవ్వ, చేతిలో పొరక, నోటికి అడ్డం కొంగు.

నేను లేచి మొదట అన్న మాటేంటో తెలుసా? "అవ్వా, ఉలవలు పాడైనాయా?" అన్నా. ఎందుకంటే నష్టం కట్టమంటారేమో అని నా భయం. ఆమెకేమో రోడ్డు మీద పరిచినందుకు నేను పోలీసు కేసు పెడతానేమో అని భయం. ఇద్దరం ఒకరికొకరం దండాలు పెట్టుకుంటా ఉండాం. ఆమె చెంబుతో నీళ్లిచ్చి, గట్టు మీద గడ్డిచేమంతాకు నలిపి మోచేతికి పసరు పిండింది. అబ్బబ్బా, ఆ మంట పడినప్పుడు కూడా లేదు. ఆమె కొడుకు నన్ను వేంపల్లెకు ఆసుపత్రికి తీసకపోను వెనకాడినాడు, పేరు రాసుకుంటారు, స్టేషన్ చుట్టూ తిరగాల అని. నేనే చెప్పినా, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని కలిపినారు, సాయం చేసినోళ్లను కేసులో ఇరికించకూడదు, పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు అని. మోచేతి నుంచి రక్తం కారుతాంటే సెక్షన్ నంబర్లు చెప్తాండా చూడు. లాయరనుకున్నాడో ఏమో, వెంటనే బండి తీసినాడు.

ఎడమ మణికట్టు చీలింది, ఆరు వారాలు కట్టు. అమ్మకు బాత్రూంలో జారినానని చెప్పినా. ఆ ఆరు వారాలూ ఆ మనిషి దినామ్మూ బ్లీచింగ్ పొడి వేసి బాత్రూం రుద్దింది మామా, మోకాళ్ల నొప్పులతో, నేను చూస్తా కూడా నోరు తెరవలే. ఒకరోజు అటక మీద ఏదో వెతుకుతాంటే హెల్మెట్ దొరికింది, ఒక పక్కంతా గీరుకోని పోయుంది. నా మంచం మీద పెట్టి, "హెల్మెట్ పెట్టుకోని నీళ్లు పోసుకుంటివా?" అనింది. అంతే, ఇంగో మాట లేదు. మూడు రోజులు కూర తనే వడ్డించింది గానీ మాట్లాడలే. ఆ హెల్మెట్ మళ్లీ వాడలేదులే, లోపల థర్మాకోల్ ఒకసారి నలిగిందంటే పైకి బాగానే కనపడినా రెండోసారికి పనికిరాదు. నీదెట్లుందో చూసుకో, ఐఎస్ఐ గుర్తుండాదా? బంకులో నీ తలకేమైనా తగిలిందా, ఆ సంగతి రాయనే లేదు.

కట్టు విప్పినాక బండెక్కితే చేతులు నావి కాదన్నట్టుండె. మలుపొస్తే చాలు వేళ్లు వాటంతటవే ముందు బ్రేక్ మీదికి పోతాయి. తెల్లారుజామున ఖాళీ గ్రౌండుకు పోయి, పాత చెప్పులు వరసగా పెట్టుకోని వాటి మధ్యలో తిప్పినా, నెల పట్టింది. వాకింగుకొచ్చే పెద్దమనుషులు నన్ను ఆర్టీవో టెస్టుకు తయారయ్యేవోడనుకున్నారు. నువ్వు కూడా క్యాబ్ మానేసి రేపు పొద్దున్నే ఏదైనా ఖాళీ జాగాకు పో, అదే బంకు మలుపు పదిసార్లు తిప్పు. ఆపుకున్న కొద్దీ భయం పెరుగుతుంది, నేను అనుభవించినా.

పోయిన వారం మళ్లీ గండికి పోయినా. అదే మలుపు, అదే ఉలవ కట్టె. ఈసారి ముందే దిగి, ఇంజిన్ ఆపేసి, బండిని పక్క మట్టిలో తోసుకుంటా పోయినా. అవ్వ గుర్తుపట్టింది. పొరక పక్కన పెట్టి, "ఏం నాయనా, ఇయ్యాల ఎగిరి రాలేదే" అనింది. వచ్చేటప్పుడు రెండు కేజీల ఉలవలు సంచిలో పోసిచ్చింది, డబ్బులిస్తే తీసుకోలే. అమ్మ నిన్ననే ఉలవచారు పెట్టింది. నువ్వు ఈ పక్కకు వచ్చేటప్పుడు ఆ బండి మీదే రా, బస్సులో దిగినావంటే నీకు చారు లేదు.

ఉంటా,
నీ మామ